బలుసాకు ఎప్పుడైనా చూశారా?

‘బతికుంటే బలుసాకు తినొచ్చు’ అని మనం తెగ వాడేస్తుంటాం. ర్యాంకు రాకపోయినా, చేతికొచ్చిన ఉద్యోగం జారిపోయినా, కుదిరిన సంబంధం తప్పిపోయినా ఇంట్లో ఎవరో ఒకరు ఈ మాట అందుకుంటారు. బాగానే ఉంది. ఆ బలుసాకు ఎలా ఉంటుందో ఎవరైనా ఫొటో పెట్టండి అని మా కాలనీ గ్రూపులో అడిగాను. అందరూ చూశారు, నీలం టిక్కులు పడ్డాయి, ఫొటో మాత్రం రాలేదు. ఒకడు పాలకూర కట్ట ఫొటో పెట్టి నవ్వు ఎమోజీ కొట్టాడు.

తమాషా ఏంటంటే, బలుసు మా పార్కులోనే ఉంది. రోజూ దాని పక్కనుంచే వాకింగ్ చేస్తున్నాం.

మాది నూజివీడు వైపు. ఎర్రనేల, మామిడి తోటలు. ఇప్పుడు మేముంటున్న కాలనీ కూడా ఒకప్పుడు తోటే. లేఅవుట్ వేస్తే పదో వంతు స్థలం ఖాళీగా వదలాలి కాబట్టి ఓ ముక్క మిగిలింది. దానికి పార్కు అని బోర్డు పెట్టారు. లోపల రెండు పెద్ద రసాల చెట్లు, నాలుగు సిమెంటు బెంచీలు, ఒక ఉయ్యాల, ప్రహరీ వెంట కోనోకార్పస్ వరస. మిగతా నేలంతా వయ్యారిభామ. తూర్పు మూలన మాత్రం పాత బండరాళ్ళ కుప్ప, దాని చుట్టూ ముళ్ళకంప.

ఆదివారం పొద్దున ఆరింటికి ఓ పదిమందిమి అక్కడ చేరతాం. ట్రిపుల్ ఐటీ పిల్లలిద్దరు, డిగ్రీ వాళ్ళు ముగ్గురు, ఒక బ్యాంకు ఉద్యోగి, ఇద్దరు పిన్నిగార్లు, రిటైరైన మాస్టారు ఒకరు, నేను. బ్యానర్ లేదు, టీషర్టు లేదు, సంఘానికి పేరు కూడా లేదు. మొదటి రోజు అందరి ప్లానూ ఒకటే. జేసీబీ పిలిపించి ఆ మూల శుభ్రం చేయించాలి, చదును చేసి వంద మొక్కలు నాటాలి. “ముందు, తర్వాత అని ఫొటోలు పెడితే అదిరిపోద్ది” అన్నారెవరో.

జేసీబీని ఆపింది ఒక తాత. రోడ్డవతల ఇంకా ప్లాట్లు కాని తోట ఒకటుంది, దానికి కాపలా. గేటు దగ్గర నిలబడి మా మాటలన్నీ విని, “ఆ మూల ఏముందో చూశారంటయ్యా?” అన్నాడు.

“ముళ్ళకంప తాతా.”

“ముళ్ళున్నవన్నీ కంపేనా? రండి ఇటు.”

ఆ తర్వాత అరగంట మాకు క్లాసే. జంట ముళ్ళతో, చిన్న గుండ్రటి ఆకులతో ఉన్నది బలుసు. “ఇదేనమ్మా మీరు రోజూ అనేది. కరువొచ్చినప్పుడు మా అమ్మ ఈ ఆకే వండేది.” దాని పక్కన కలివి, అంటే మన వాక్కాయకి చెల్లెలి వరస. తుంచితే తెల్లటి పాలు కారేది పాలకొడిసె. దాన్ని పట్టుకుని పైకి పాకింది తిప్పతీగ. తంగేడు గుబుర్లు రెండు, రేగు ఒకటి, రాళ్ళ సందున జానెడు మారేడు మొక్క, కింద బట్టలకి అంటుకునే ఉత్తరేణి. పక్షులు తెచ్చి పడేసిన గింజల నుంచి లేచిన వేప మొలకలైతే లెక్కలేదు. ఇవేవీ ఎవరూ నాటినవి కావు, ఎవరూ నీళ్ళు పోసినవీ కావు. ఆ రాళ్ళ వల్ల అటు నాగలి పోలేదు, ట్రాక్టరూ పోలేదు. అందుకే మిగిలాయి. మేం వంద మొక్కలు కొని తెచ్చి ఎక్కడ నాటాలా అని చూస్తున్న చోటే, డబ్బులిచ్చినా నర్సరీలో దొరకని మొక్కలు అప్పటికే కాపురం పెట్టి ఉన్నాయి.

అక్కడినుంచి మా పని తలకిందులైంది. నాటడం ఆగింది, పీకడం మొదలైంది.

ఇలా పీకడంతో మొదలుపెట్టిన వాళ్ళు ప్రపంచంలో ఇంకెవరన్నా ఉన్నారా అని వెతికితే సిడ్నీలో ఇద్దరు అక్కచెల్లెళ్ళు దొరికారు. జోన్ బ్రాడ్లీ, ఐలీన్ బ్రాడ్లీ. 1960ల్లో మోస్మన్ అనే పేటలో ఉండేవాళ్ళు. ఇంటి దగ్గరున్న ఆష్టన్ పార్కులో వాకింగ్‌కి వెళ్తూ దారిలో కనిపించిన పరాయి కలుపుని రోజూ కాస్త కాస్త పీకేసేవాళ్ళు. గుంపుగా మనుషుల్ని దించి ఒక్కసారే కొట్టించిన చోట కలుపు రెట్టింపు లేస్తోందని వాళ్ళు గమనించారు. తాము నిదానంగా తీసిన చోట మాత్రం అడవి మొక్కలు వాటంతటవే తిరిగొచ్చాయి. దాన్నుంచి వాళ్ళు రాసుకున్న పద్ధతిని ఇప్పటికీ బ్రాడ్లీ పద్ధతి అనే అంటారు. బాగున్న చోట మొదలుపెట్టి బాగోలేని చోటికి జరగాలి. మట్టిని వీలైనంత తక్కువ కదిలించాలి, పీకిన చోట ఆకులు కప్పేయాలి. సొంత మొక్కలు ఎంత వేగంగా వస్తాయో అంతకు మించి కలుపు తీయకూడదు.

మూడోది చాలా కష్టం. మన చేతులు ఊరుకోవు. ఒక ఆదివారం పని చేస్తే పార్కంతా అద్దంలా మెరవాలనిపిస్తుంది. మెరిస్తే ఏమవుతుందంటే, బోసిపోయిన ఆ నేలని వారంలో వయ్యారిభామే మళ్ళీ ఆక్రమిస్తుంది. కాబట్టి మా తూర్పు మూల నుంచి వారానికి రెండు మూడు అడుగులు. అంతకంటే ముందుకి వెళ్తే బ్యాంకు అన్నయ్య ఈల వేస్తాడు.

వయ్యారిభామ గురించి రెండు ముక్కలు. దీన్నే కాంగ్రెస్ గడ్డి అని కూడా అంటారు. 1950ల మధ్యలో పుణె దగ్గర మొదట కనిపించింది. అమెరికా నుంచి దిగుమతైన గోధుమలతో వచ్చిందని చెప్తారు. పూత రాకముందే వేళ్ళతో సహా పీకాలి, ఫుల్ హ్యాండ్స్ చొక్కా, గ్లవ్స్ తప్పనిసరి. ఒళ్ళు దద్దుర్లు తేలే వాళ్ళు, ఆయాసం ఉన్నవాళ్ళు ఈ పనికి అసలు రావద్దు. వాళ్ళకి నీళ్ళ డ్యూటీ ఉంది. వానాకాలంలో దీని ఆకుల్ని కొరికి తినే చిన్న పెంకుపురుగు ఒకటుంది. మెక్సికో నుంచి తెచ్చి 1984లో బెంగళూరులో వదిలారు. ఆకుల మీద అది కనిపిస్తే ఆ మొక్కని మేం దానికే వదిలేస్తున్నాం.

లాంటానా ఇంకో రకం మొండి. రంగురంగుల పూలు చూసి ముచ్చటపడి మన దేశానికి తెచ్చిందే. పైన కొట్టేస్తే నాలుగు రెమ్మలుగా లేస్తుంది. ఢిల్లీ యూనివర్సిటీ ప్రొఫెసర్ సి.ఆర్. బాబు బృందం దీనికో సులువు చెప్పింది. నేలకి కొన్ని అంగుళాల లోపల, కాండం వేరుగా మారే చోటికి కింద నరికి, దుబ్బుని తలకిందులుగా పడేయాలి. మళ్ళీ చిగురు వేయాల్సిన కణుపులన్నీ ఆ భాగంలోనే ఉంటాయి కాబట్టి ఇక లేవదు. పలుగుతో ఒక్కొక్కదానికి పది నిమిషాలు పడుతుంది. జిమ్ ఫీజు మిగులుతుంది.

ఇదంతా ఎందుకు, రెండు ముళ్ళచెట్లు పోతే కొంప మునుగుతుందా అని మీరడగొచ్చు. మా పిన్నిగారు అడిగారు కూడా. దానికి జవాబు మాకు పడమటి వైపు కొండపల్లిలో ఉంది.

కొండపల్లి బొమ్మలు మీకు తెలుసు. అంబారీ ఏనుగు, దశావతారాలు, తల ఊపే బొమ్మలు. ఆ బొమ్మంతా తెల్లపొణికి అనే చెట్టు కర్ర. తేలిగ్గా, మెత్తగా ఉంటుంది, ఉలికి లొంగుతుంది, ఎండబెడితే బరువే ఉండదు. కొండపల్లి కొండల్లో దొరికేది. పొయ్యిలోకి, కలపలోకి, పండులోకి పనికొచ్చే చెట్టు కాదు కాబట్టి దాన్ని నాటాలని ఎవరికీ తోచలేదు. కొట్టుకోవడమే తప్ప పెంచింది లేదు. చివరికి బొమ్మలు చేసేవాళ్ళు కర్ర కోసం దూరం వెళ్ళి, ఎక్కువ డబ్బు పెట్టి తెచ్చుకునే పరిస్థితి వచ్చింది. తర్వాతే పొణికి మొక్కలు పెంచాలన్న ఆలోచన పుట్టింది. కొన్ని తరాల పని, ఒక ఊరి పేరు, ఎవరూ పట్టించుకోని ఒక అడవి చెట్టు మీద నిలబడి ఉన్నాయి. పనికిరాని మొక్క అనేముందు ఎవరికి పనికిరానిదో అడగాలి.

పొణికి గింజ చూస్తే మీరు వదలరు. మావాళ్ళు ఏడు గింజలు సంపాదించి నాటారు, రెండు మొలిచాయి. వాటికి పిల్లలు పెట్టిన పేర్లు ఇక్కడ రాస్తే ఎడిటర్ గారు కోప్పడతారు.

ఇక మామిడి. మా దగ్గర ఏ మాట మొదలెట్టినా చివరికి అక్కడికే వస్తుంది. పూత డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా. ఆ పూతని కాయగా మార్చేది ఎక్కువగా ఈగలు, చిన్న చిన్న తేనెటీగలు, మరికొన్ని పురుగులు. మిగతా తొమ్మిది నెలలు అవి ఏం తిని బతకాలి? గట్ల మీద తంగేడు, రేగు, ఉత్తరేణి లాంటివి ఉన్నన్నాళ్ళు ఆ ప్రశ్నే లేదు. ఇప్పుడు గట్టంతా కలుపుమందు కొట్టి నున్నగా చేయడమే మంచి వ్యవసాయం అనుకుంటున్నాం. దక్షిణాఫ్రికాలో పెద్ద పెద్ద మామిడి తోటల మధ్య అక్కడి స్థానిక పూలమొక్కల చిన్న మడులు పెట్టి చూశారు. ఆ మడుల వల్ల తోటలో పురుగుల రాకపోకలు పెరిగాయి, కాపూ పెరిగింది. ఆ పరిశోధన 2012లో అచ్చయింది. అడవికి దూరమయ్యేకొద్దీ, మందు కొట్టేకొద్దీ పూలకి వచ్చే పురుగులు తగ్గుతాయని కూడా అందులో తేలింది. నేను దీన్ని తాతకి చదివి వినిపించాను. “దానికి అంత దూరం పోవాలా?” అన్నాడు.

మా రెండు పెద్ద రసాల చెట్ల మీద బదనిక ఉంది. కొమ్మల్లో వేళ్ళు దించి చెట్టు రసం పీల్చే పరాన్నజీవి. దాని పళ్ళు ఓ పిట్ట తింటుంది, జిగురు గింజని ఇంకో కొమ్మకి రుద్దుతుంది, అక్కడ కొత్త బదనిక. గమ్మత్తేంటంటే బదనిక కూడా అచ్చంగా మన మొక్కే, స్థానికమే! సీతాకోకచిలుకలు కొన్ని దాని మీదే గుడ్లు పెడతాయి. అందుకని ‘స్థానికం అంటే మంచిది, పరాయిది అంటే చెడ్డది’ అని గీత గీసేవాళ్ళతో నాకు పడదు. మనం తినే జామ, సపోటా, సీతాఫలం, ఆఖరికి ఆవకాయలో కారం, అన్నీ అమెరికా ఖండాల నుంచి వచ్చినవే. మామిడి చెట్టు ముసలిది కాబట్టి అది అంటుకున్న కొమ్మని అడుగు కిందకి కోసి తీశాం. పిట్ట కోసం ప్రహరీ బయట వేపచెట్టు మీది బదనికని వదిలేశాం.

కోనోకార్పస్ దగ్గర మాత్రం గొడవ అయింది. చిన్న గొడవ కాదు.

ఆఫ్రికా, అరేబియా తీరాల జాతి ఇది. నీళ్ళు లేకపోయినా ఏడాదంతా పచ్చగా ఉంటుంది, ఏపుగా పెరుగుతుంది. అందుకే డివైడర్ల మీద, వెంచర్లలో ఎక్కడ చూసినా ఇదే. పుప్పొడితో అలర్జీ అని, వేళ్ళు పైపుల్లో దూరుతున్నాయని ఫిర్యాదులు రావడంతో 2023లో గుజరాత్, 2025లో తమిళనాడు దీన్ని నాటొద్దన్నాయి. తెలంగాణ కూడా హరితహారం నుంచి తప్పించింది. దాని మీద ఉన్న ఆరోపణలన్నీ ఒకే బరువున్నవని నేననుకోను. ఏ చెట్టునైనా వేలల్లో ఒకటే నాటితే ఇబ్బందే. విశాఖలో హుద్‌హుద్ తర్వాత రోడ్ల వెంట విరివిగా పెంచిన ఏడాకులపాల మన దేశపు చెట్టే. చలికాలం అది పూస్తే ఆ ఘాటుకి జనం తలలు పట్టుకున్నారు. మా పార్కులో నాకు కనిపించే లోపం వేరే. ఆ వరసలో ఏ ఒక్క చెట్టు మీదా నేను ఇంతవరకు పిట్టగూడు చూడలేదు.

కుర్రాళ్ళు రంపం తెచ్చారు. మాస్టారు బెంచీ మీంచి లేవలేదు.

“నాకు డెబ్భై రెండేళ్ళు బాబూ. మీరు ఇప్పుడు కానుగ నాటితే నీడ ఎప్పుడొస్తుంది? ఉన్న నీడ కొట్టేసి, రాబోయే నీడ చూపించి నన్ను మే నెల ఎండలో కూర్చోబెడతారా?”

ఎవరూ మాట్లాడలేదు. ట్రిపుల్ ఐటీ అమ్మాయి “అది కాదు మాస్టారూ, పర్యావరణం...” అని మొదలెట్టి ఆగిపోయింది. నా ఓటు మాస్టారికే. మే నెలలో మా వైపు ఎండ ఎలా ఉంటుందో తెలిసినవాళ్ళెవరూ ఆయన్ని తప్పు పట్టలేరు. పార్కు మొక్కలది ఎంతో, పక్కలో మోకాళ్ళ నొప్పితో వచ్చి కూర్చునే మనిషిది కూడా అంతే. ఇది బ్రాడ్లీ అక్కచెల్లెళ్ళ మూడో మాటే కదా, వేరే రూపంలో వచ్చింది: కొత్తది నిలబడే వేగానికి మించి పాతది తీయకూడదు.

చివరికి కుదిరింది ఇది. పద్నాలుగు చెట్లలో ఎవరూ కూర్చోని చివరి రెండు మాత్రం ఈ ఏడు కొట్టాం. ఆ జాగాలో ఒక కానుగ, ఒక నేరేడు. మిగతా వరస ముందు, ఎండ తగిలే వైపు, కానుగ మొక్కలు పెట్టాం. ఏ కానుగ మాస్టారి బెంచీ మీదకి నీడ ఇస్తే, దాని వెనక కోనోకార్పస్ అప్పుడు పోతుంది. ఎప్పుడనేది మాస్టారే చెప్పాలి. ఆయన ఇప్పుడు ఆ కానుగలకి స్వయంగా నీళ్ళు పోస్తున్నారు. ముందుగా పెరగకుండా చూడ్డానికేమో అని కుర్రాళ్ళు ఏడిపిస్తున్నారు.

మీ వీధిలో ఇలాంటి పని మొదలెట్టాలనుకుంటే నాటడానికి ముందు ఓ నెల చూడండి. ఫోన్ చేతిలో ఉంది కదా. ఐనేచురలిస్ట్ లాంటి యాప్‌లో ఆకు, పువ్వు, కాయ, బెరడు విడివిడిగా తీసి పెడితే లాటిన్ పేరు చెప్తుంది, నూటికి నూరుపాళ్ళు నమ్మకండి. ఆ ఫొటోనే తీసుకెళ్ళి మీ అమ్మమ్మకో, తోట కాపలా తాతకో చూపించండి. ఆ మొక్క తెలుగు పేరు, దేనికి వాడేవాళ్ళు, ఏ నెలలో కాస్తుంది అన్నవి యాప్‌లో లేవు. వాళ్ళ దగ్గరున్నాయి, వాళ్ళు డెబ్భై దాటారు. ఇంకో సంగతి, పార్కులో ఆకులు ఊడ్చి తగలబెట్టే అలవాటు ఉంటే ముందు అది మాన్పించండి. మొలకలు ఆ పొగలోనే పోతాయి. ఆ ఆకులే మొక్క మొదట్లో కప్పితే ఎండాకాలం సగం నీళ్ళ పని తగ్గుతుంది. నాటిన మొక్కకి రెండు ఎండాకాలాలు దాటేదాకా నీళ్ళు పోసే మనిషి ఉన్నప్పుడే నాటండి.

ఇప్పుడు మా గ్రూపులో నడుస్తున్న ఆట వినాయక చవితి పత్రి. పూజకి ఇరవై ఒక్క రకాల ఆకులు కావాలి. బజార్లో కట్ట కొంటే ఏ ఆకు ఏదో అమ్మేవాళ్ళకీ తెలీదు, కొనేవాళ్ళకీ తెలీదు. ఆ ఇరవై ఒకటీ మా పార్కులో ఎన్ని ఉన్నాయని లెక్క పెట్టాం. గరిక, ఉత్తరేణి, జిల్లేడు, ఉమ్మెత్త, రేగు, మారేడు, మామిడి, విష్ణుక్రాంత. ఎవరూ నాటకుండానే ఎనిమిది! జిల్లేడు పాలు కంట్లో పడకూడదు, ఉమ్మెత్త కాయ పిల్లల నోట్లోకి పోకూడదు, అంతవరకు జాగ్రత్త. ఆ జిల్లేడు ఆకుల మీదే నారింజ రంగు సీతాకోకచిలుక గుడ్లు పెట్టింది. గొంగళి పురుగు మొదలు రెక్కల దాకా మా డిగ్రీ పిల్ల రోజూ ఒక స్టోరీ పెట్టింది.

దేవదారు హిమాలయాల చెట్టు, నూజివీడు ఎండకి రాదు. రావి వేళ్ళకి ప్రహరీ ఆగదు. వావిలి కొమ్మ పిన్నిగారు పుట్టింటి నుంచి తెచ్చి గుచ్చారు, చిగురేసింది. తెల్లమద్ది మొక్కలు తెస్తానని తాత మాటిచ్చాడు. దొరకనిది జమ్మి. దానికి దగ్గరి చుట్టం సర్కారు తుమ్మ కాలవ గట్ల నిండా ఉంది కానీ, అసలు జమ్మి మాకు నాలుగు మైళ్ళలో కనబడలేదు. మీ ఊరి గుడి దగ్గరో, పొలం గట్టునో జమ్మిచెట్టు ఉంటే ఎండాకాలంలో రాలిన కాయలు రెండు గుప్పిళ్ళు ఏరి దాచండి. మా పార్కులో దానికి చోటు చూసి ఉంచాం, బలుసు పక్కనే.